నీళ్ళ ప్లాంటు ముందు దిమ్మె: కట్టినవి, పగలగొట్టినవి

కనిగిరికి పదిహేను కిలోమీటర్ల లోపు ఉండే ఊరు మాది. పేరు రాయడం లేదు. కింద చెప్పే తప్పుల్లో ఎక్కువ నావే గానీ, మిగిలినవి రోజూ మొహాలు చూసుకునే మనుషులవి. పని చిన్నదే: మినరల్ వాటర్ ప్లాంటు ముందు క్యాన్లు, బిందెలు పెట్టి నింపుకునే చోటు తిరగకట్టడం. నడుము వంగని వాళ్ళు, మూడు చక్రాల బండి మీద వచ్చేవాళ్ళు, పిల్లలు ఇంకొకరి సాయం లేకుండా నీళ్ళు తీసుకుపోగలగాలి. ఇదే పని పెట్టుకున్నవాళ్ళు మా కొలతలు వాడుకోండి, పగలగొట్టుడు ఖర్చు మిగుల్తుంది.

మా వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడు సంగతి కొత్తది కాదు. 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బు గురించి వైద్యులు రాసిపెట్టారు. కనిగిరి, పొదిలి అప్పట్లో నెల్లూరు జిల్లాలోవే, ఒంగోలు జిల్లా వచ్చింది 1970లో. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా అని మన ప్రమాణాలు. కాచితే ఫ్లోరైడు పోదు, నీళ్ళు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. అందుకే అందరూ ప్లాంటుకే రావాలి. ఏళ్ళ తరబడి పాత నీళ్ళు తాగినవాళ్ళకు మెడ తిరగదు, వెన్ను వంగదు. అంటే ప్లాంటు నీళ్ళు ఎవరికి అందరికన్నా ఎక్కువ అవసరమో, ఆ క్యాన్ వాళ్ళే ఎత్తుకోలేరు.

దశ 0: ఉన్నదాన్ని కొలవడం (2023 నవంబరు)

సామాను: 5 మీటర్ల టేపు, లెవెల్ పైపు, స్ప్రింగ్ కాటా, సుద్దముక్క, ఫోనులో స్టాప్‌వాచ్.

1. ప్లాంటు అరుగు రోడ్డు కన్నా 30 సెం.మీ. ఎత్తు. రెండు మెట్లు.
2. క్యాన్ పెట్టే చోటు అరుగు మట్టానికే ఉంది. నేల మీద నుంచే ఎత్తుకోవాలి.
3. నిండు క్యాన్ కాటాకు తగిలిస్తే 20.8 కిలోలు.
4. కాయిన్ బాక్సు అయిదు రూపాయల బిళ్ళకు 20 లీటర్లు ఇస్తుంది. అంతకన్నా తక్కువ కొలత లేదు.
5. ముందు ఖాళీ పొడవు 5.4 మీటర్లు, గోడ నుంచి కాలవ దాకా 2.1 మీటర్లు.

ఖర్చు ఏమీ లేదు. పోగైన చందా: 96 ఇళ్ళు, ఇంటికి రూ.300, రూ.28,800. బయట ఊళ్ళలో ఉన్న మా వాళ్ళు ఇచ్చింది రూ.45,000. మొత్తం రూ.73,800.

దశ 1: మీటింగు, అది ఎందుకు పనికిరాలేదు (డిసెంబరు)

ఆదివారం పది గంటలకు రామాలయం అరుగు మీద మీటింగు పెట్టాను. 31 మంది వచ్చారు, అందులో ఆడవాళ్ళు అయిదుగురు, వాళ్ళూ వెనక నిలబడే ఉన్నారు. కాలనీ నుంచి వచ్చిన ఇద్దరు వేపచెట్టు కిందే ఆగిపోయారు, అరుగు ఎక్కలేదు. రండి అని పిలిచాను గానీ, ఆ అరుగు నేను పిలిస్తే ఎక్కే అరుగు కాదని నాకు తెలియనిదేం కాదు. ఏడుగురితో కమిటీ వేశాం. అందులో ఒక్కరు కూడా రోజూ నీళ్ళు తెచ్చేవాళ్ళు కారు.

అనుమానం వచ్చి మూడు రోజులు పొద్దున, సాయంత్రం ప్లాంటు ఎదురుగా కూర్చుని లెక్క రాశాను. మొత్తం 214 సార్లు మనుషులు వచ్చారు. ఆడవాళ్ళు 121, మగవాళ్ళు 58, పిల్లలు 35. ఈ 214లో 79 కాలనీ వాళ్ళవి. వంగలేక పక్కవాళ్ళను పిలిచి క్యాన్ ఎత్తించుకున్నవి 37. మీటింగులో మాట్లాడిన తొమ్మిది మందిలో ఈ మూడు రోజుల్లో నాకు కనిపించింది ఇద్దరే, ఇద్దరూ ఎక్సెల్ బండి మీద వచ్చినవాళ్ళు.

మార్చినవి:

1. మీటింగు మానేశాం. సాయంత్రం అయిదున్నరకు, క్యూ నిలబడే వేళకు ప్లాంటు దగ్గరే మాట్లాడటం మొదలుపెట్టాం. వారానికి రెండు రోజులు, ఇరవై నిమిషాలు.
2. కుర్చీలు వేయలేదు. కుర్చీ వేస్తే ఎవరు కూర్చుంటారో ముందే తెలుసు.
3. కమిటీ మార్చాం. రోజూ నీళ్ళు తెచ్చే ఆడవాళ్ళు నలుగురు, వారిలో ఇద్దరు కాలనీ వాళ్ళు. నడుము వంగనివాళ్ళు ఇద్దరు. మూడు చక్రాల బండి అన్న ఒకరు.

పాత కమిటీలో ఒకాయన నెల రోజులు నాతో మాట్లాడలేదు. మా మేనమామ.

ఖర్చు: జిరాక్సులు, టీలు రూ.640. మొత్తం: రూ.640.

దశ 2: “బాగుంది నాయనా” (2024 జనవరి)

డ్రాయింగు గీశాను. 75 సెం.మీ. ఎత్తు దిమ్మె, దాని మీదికే ఎక్కేలా వాలుబాట. పెద్ద కాగితం మీద రంగుల్లో ప్రింటు తీసి ప్లాంటు గోడకు అంటించాను. నాలుగు రోజుల్లో ఎవర్ని అడిగినా ఒకటే మాట: “బాగుంది నాయనా.” ఆ మాటకు రెండర్థాలున్నాయని నాకు అప్పుడు తట్టలేదు. ఫలానా వాళ్ళ అబ్బాయి ఒంగోలు నుంచి వచ్చి ఇంత కష్టపడి గీస్తే బాగాలేదని ఎవరంటారు?

ఇంకో తప్పు లెక్కలో ఉంది. వాలుబాట 1:12 ఉండాలి, అంటే సెంటీమీటరు ఎత్తుకు పన్నెండు సెంటీమీటర్ల పొడవు. 75 సెం.మీ.కు 9 మీటర్లు కావాలి. నా దగ్గరున్నది 5.4. డ్రాయింగులో ఎల్ ఆకారంలో తిప్పి సరిపెట్టాను. ఆ మలుపు నేరుగా కాలవ మీదికి పోయింది. ఈ తప్పు పట్టింది ఇంజనీరు కాదు, మూడు చక్రాల బండి అన్న. కాగితం చూసి కాదు. ముగ్గుపిండితో అసలు కొలతలకే నేల మీద గీసినప్పుడు, బండి నడుపుకుంటూ వచ్చి గీత చివర ఆపి, “ఇక్కడ నేను కాలవలో ఉన్నా” అన్నాడు.

అప్పటినుంచి పద్ధతి ఇది:

1. కాగితం వద్దు. ముగ్గుపిండితో అసలు సైజులో నేల మీద గీయడం.
2. గీసేది నేను కాదు. టేపు ఒక చివర నేను పట్టుకుంటా, పిండి వాళ్ళ చేతిలో.
3. “బాగుందా?” అని అడగడం బంద్. “ఇక్కణ్ణుంచి ఎత్తుకుని ఆ గుమ్మం దాకా పోయి చూపించు” అనడమే.

1969లో షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే అమెరికన్ జనం భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చెప్పింది. మనుషుల్ని పిలిచి అభిప్రాయం అడగడం అందులో నాలుగో మెట్టు. జనవరి నెలంతా నేను ఆ నాలుగో మెట్టు మీద నిలబడి పైకి ఎక్కేశాననుకున్నాను.

ఖర్చు: ప్రింట్లు, పిండి రూ.1,150. ఇప్పటిదాకా మొత్తం: రూ.1,790. ప్రింట్లకు పెట్టింది దండగ.

దశ 3: ఇటుకలు పేర్చి చూడటం (ఫిబ్రవరి)

ఈ డైరీలో ఒక్కటే కాపీ కొట్టాలంటే ఇది కొట్టండి. సిమెంటు ముట్టుకోకముందు ఉత్త ఇటుకలు పేర్చి, పైన చెక్క పలక వేసి, నిజం క్యాన్లతో రెండు రోజులు వాడిచూశాం. 150 ఇటుకలు బట్టీ ఆయన అరువిచ్చాడు, తిరిగిచ్చేశాం. ఇటుక మందం 7 సెం.మీ., పలక 3. ఆరు వరసలకు 45, ఎనిమిదికి 59, పదికి 73 సెం.మీ.

చూసినవాళ్ళు 12 మంది: వంగలేనివాళ్ళు అయిదుగురు, మూడు చక్రాల బండి అన్న, రోజూ వచ్చే ఆడవాళ్ళు నలుగురు, పిల్లలు ఇద్దరు.

1. 45 దగ్గర: వంగలేని అయిదుగురిలో ఒక్కరూ ఎత్తుకోలేకపోయారు.
2. 59 దగ్గర: ఇద్దరు ఎత్తుకున్నారు.
3. 73 దగ్గర: అయిదుగురూ ఎత్తుకున్నారు. కానీ పొట్టిగా ఉన్న ఇద్దరు ఆడవాళ్ళకు బిందె మూతి గడ్డం దాకా వచ్చింది. పిల్లలు క్యాన్ పైకి పెట్టలేకపోయారు.
4. రెండో రోజు తొమ్మిది వరసలు, 66 సెం.మీ.: అయిదుగురూ ఎత్తుకున్నారు, పొట్టివాళ్ళకూ సరిపోయింది.

ఎత్తు తేలింది. పిల్లలకు, బండ్ల వాళ్ళకు పక్కనే 40 సెం.మీ. చిన్న దిమ్మె. దిమ్మె మీదికి ఎవరూ ఎక్కక్కర్లేదు కాబట్టి వాలుబాట అరుగు ఎత్తు 30కి చాలు. అంటే 3.6 మీటర్లు. స్థలం సరిపోయింది.

పడమటింటి పెద్దమ్మను చూస్తూ ఇంకోటి నేర్చుకున్నాను. మెడ వంగదు కాబట్టి క్యాన్ నిండిందో లేదో ఆమె కంటితో చూడలేదు. చెవితో కనిపెడుతుంది. మొదట డబడబమని మోగుతుంది, నిండే కొద్దీ చప్పుడు సన్నబడుతుంది, మూతి దగ్గరికి వచ్చేసరికి కీచుమంటుంది. సరిగ్గా ఆ కీచు దగ్గర చెయ్యి పోతుంది. పక్కనే ఎవరో ఫోనులో పాటలు పెడితే కసురుకుంది, నాకు కారణం అప్పుడు అర్థమైంది. కాయిన్ బాక్సు లైటేమో మోకాలి ఎత్తులో ఉంది. దాన్ని కళ్ళ ఎత్తుకు, 130 సెం.మీ.కు, మార్చాలని రాసుకున్నా. బండి అన్న చెయ్యి అంతదూరం అందదు. చివరికి లైటు 130 దగ్గర, బిళ్ళ వేసే సందు 105 దగ్గర.

అంతా అయ్యాక ఆ పెద్దమ్మే 66 దిమ్మె మీద నుంచి క్యాన్ చంకకెత్తుకుని నిలబడి అడిగింది: “ఈడ ఎత్తుకున్నా సరే నాయనా, ఇంటి కాడ దించేదెవరు?”

రెండు నెలలు ప్లాంటు దగ్గర ఎత్తడమే కొలిచాను. ఇంట్లో దించేచోటు నేలే. 20 లీటర్లు ఏ ఎత్తు మీద నుంచి ఎత్తుకున్నా చివరికి నేల మీదికే దించాలి. ఆమెకు కావలసింది దిమ్మె ఒక్కటే కాదు, చిన్న కొలత. ఎనిమిది లీటర్ల బిందె అయితే ఇంటి అరుగు మీద పెట్టుకోగలదు. కానీ మా బాక్సు 20 తప్ప ఇవ్వదు. వంగలేనివాళ్ళు ఇరవైకి డబ్బు కట్టి, సగం నింపుకుని, మిగతాది వెనక నిలబడ్డవాళ్ళకు వదిలేసి పోతున్నారని ఆ రోజు బయటపడింది. ఇది డ్రాయింగులో ఎక్కడా పట్టే విషయం కాదు.

కూలి సంగతి. రెండు రోజులు పని మానుకుని వచ్చిన పెద్దవాళ్ళు పదిమందికి ఆ ఏడు ఉపాధి హామీ రేటు రూ.272 లెక్కన ఇచ్చాం. “సలహా చెప్పినందుకు కూలా?” అని చందా ఇచ్చినవాళ్ళలో ఒకరు ఫోన్ చేసి గట్టిగానే అడిగారు. నేను ఊరికే చేస్తున్న మాట నిజం, కానీ నాకు నెల తిరిగితే ఒంగోలులో జీతం పడుతుంది. వాళ్ళకు పడదు. మిరపకోతల్లో రెండు రోజులు మానుకోమని ఊరికే ఎలా అడుగుతాం?

ఖర్చు: కూలి రూ.5,440, పలకల అద్దె రూ.300, టీ టిఫిన్లు రూ.500. మొత్తం: రూ.8,030.

దశ 4: కట్టడం, పగలగొట్టడం (మార్చి నుంచి జులై)

మార్చి 9న తవ్వకం మొదలైంది. 12న నేను ఊళ్ళో లేను. కరెంటు స్తంభం స్టే వైరు అడ్డం వస్తోందని బేల్దారి మేస్త్రీ ఫోన్ చేస్తే, “కొంచెం తగ్గించి పోసెయ్” అన్నాను. కొంచెం అంటే ఎంతో చెప్పలేదు. ఆయన 2.4 మీటర్లకు పోశాడు. అంటే 1:8. కమిటీని అడగలేదు, నేనూ అడగమనలేదు. బండి అన్న ఖాళీగా ఎక్కాడు. వెనక క్యాన్ పెట్టుకుని ఎక్కబోతే సగంలో బండి వెనక్కి జారింది, ఇద్దరు పట్టుకున్నారు.

పగలగొడదామనుకునే లోపు మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది. స్థలం పంచాయతీది కాబట్టి ఫలితాలు వచ్చేదాకా ఆగమన్నారు. ఎండాకాలమంతా సగం తవ్విన గుంట మీద చెక్కలు వేసి నడిచాం. నాకు ఆ మూడు నెలలు ఒకటే టెన్షన్, రాత్రిపూట ఎవరు పడతారోనని.

ఈలోగా ఇంకో చిక్కు. ఆ 1:8 వాలు ఎక్సెల్ బండ్ల వాళ్ళకు తెగ నచ్చింది. బండి దిగకుండా అరుగెక్కి నింపుకుని పోతున్నారు. జూన్‌లో పగలగొడతామంటే “బండ్లు ఎక్కుతున్నయ్ గదా, మళ్ళీ పగలగొట్టేదేంది?” అని అడ్డం పడ్డారు. మాటలతో తేలలేదు. కమిటీలో ఒకామె 40 సెం.మీ. దిమ్మెను రోడ్డు వైపుకు తిప్పి పెడదామంది. బండి రోడ్డు మీదే ఆగుతుంది, క్యాన్ నేరుగా కాళ్ళ దగ్గరికి జరుగుతుంది, అరుగెక్కే పనే లేదు. ముగ్గుపిండితో గీసి, ఇటుకలు పేర్చి, రెండు బండ్లతో చూపించారు. మర్నాడు వాలు పగలగొట్టాం. కొత్తది స్టే వైరుకు అవతల వైపు నుంచి, గోడ వెంబడి 3.6 మీటర్లు. పైన 1.5 మీటర్లు బండి తిప్పుకునే చోటు.

మిగతా తప్పులు గబగబా:

1. దిమ్మె పైన చీమకుర్తి గెలాక్సీ బండ ముక్కలు వేశాం. ఎవరో ఊరికే ఇచ్చారు, రవాణా మాదే. నల్లగా మెరుస్తుంటే నక్షత్రాల్లా చుక్కలు, అందరం మురిశాం. రెండో రోజే తడి క్యాన్ జారి కింద పడి పగిలింది. బండలు తిరగేసి గరుకు వైపు పైకి పెట్టించాం. మెరుపు ఇప్పుడు సిమెంటు వైపు చూస్తోంది.
2. బండ మందం లెక్కలో మరిచిపోయా. 66 అనుకున్నది 68 అయింది. మళ్ళీ అయిదుగురినీ పిలిచి ఎత్తించి చూసి ఒప్పుకున్నాం.
3. వాలుబాట మేస్త్రీ నున్నగా తీశాడు. నీళ్ళు ఒలికితే అద్దమే. పైపొర గీకించి, కొత్త పొర పచ్చిగా ఉండగానే కొబ్బరి పొరకతో అడ్డగీతలు లాగించాం.
4. కాలవ వాలు తప్పి, ప్లాంటు వదిలేసే చెడ్డ నీళ్ళు పశువుల తొట్టిలోకి పోయాయి. తీసేసిన ఫ్లోరైడు అంతా చేరేది ఆ నీళ్ళలోనే. గేదెలున్న ఇంటామె మొదటి రోజే పట్టుకుంది. అడ్డుకట్ట వేసి మళ్ళించాం.

ఖర్చు: మొదటిసారి కట్టుబడి రూ.18,400, పగలగొట్టి తిరగకట్టడం రూ.9,600, బండల రవాణా రూ.3,500, చేతిపట్టు పైపులు రూ.8,900. మొత్తం: రూ.48,430.

ఆ రూ.9,600 నా ఫోన్ కాల్ ఖరీదు. దీని తర్వాత పద్ధతి మారింది: మేస్త్రీకి డబ్బు ఇవ్వాలంటే కమిటీ ఆడవాళ్ళలో ఇద్దరి సంతకం ఉండాలి. నా సంతకంతో పని లేదు. లెక్కంతా ప్లాంటు గోడకు వేలాడదీసిన పెద్ద మార్కాపురం పలక మీద రోజూ రాస్తారు.

దశ 5: ఎనిమిది లీటర్ల కుళాయి (ఆగస్టు)

రెండో కుళాయికి వేరే కాయిన్ బాక్సు. రూ.5కి 20 అంటే రూపాయికి 4 లీటర్లు, కాబట్టి రెండు రూపాయలకు 8. చిన్న కొలత తీసుకునేవాళ్ళకు ధర పెరగకూడదని పెద్దమ్మ పట్టు. 20 లీటర్లు నిండటానికి 62 సెకండ్లు, కాబట్టి 8కి 25 సెకండ్లు పెట్టాం.

మూడు రోజుల్లో గల్లాలో సగం రూపాయి బిళ్ళలే. మా బాక్సు పోల్చి చూసే రకం: లోపల ఏ బిళ్ళ పెడితే అలాంటిదే తీసుకుంటుంది. వెర్నియర్ పెట్టి కొలిస్తే సంగతి తేలింది. 2011 రకం రెండు రూపాయల బిళ్ళ 25 మిల్లీమీటర్లు, పాత స్టీలు రూపాయి కూడా 25, బరువూ అంతే. పోనీ 2019 రకం పెడదామంటే అది 23 మిల్లీమీటర్లు, ఊళ్ళో సగం మంది దగ్గర లేదు. ఎవరూ మోసం చేయలేదు. చూపు ఆనని ముసలివాళ్ళకు రెండూ ఒకటే.

బిళ్ళలు మానేసి టోకెన్లు పెట్టాం. 28 మిల్లీమీటర్ల ఇనుప వాషర్లు 200, పసుపు రంగు వేసి. మధ్యలో రంధ్రం ఉండటంతో చూపు లేనివాళ్ళకూ వేలికి తెలుస్తుంది. పొదుపు సంఘం ఆడవాళ్ళు ఒక్కోటి రెండు రూపాయలకు అమ్ముతారు.

ఇంకా తెగనిది: పైన ట్యాంకు సగానికి దిగితే ధార సన్నబడి, 25 సెకండ్లకు 6.5 లీటర్లే వస్తున్నాయి. కాలం చూసే బాక్సు కాకుండా నీళ్ళు కొలిచే బాక్సు కొనాల్సింది. ప్రస్తుతానికి ట్యాంకు సగం దిగకముందే నింపడమే మందు.

ఖర్చు: బాక్సు రూ.7,500, వాషర్లు, రంగు, రిపేరు రూ.1,200. మొత్తం: రూ.57,130. మిగులు: రూ.16,670, సంఘం ఖాతాలో.

సెప్టెంబరు

మళ్ళీ మూడు రోజులు కూర్చుని లెక్క రాశాను. 226 సార్లు వచ్చారు. పక్కవాళ్ళను పిలిచి ఎత్తించుకున్నవి 6. ఆరూ ట్యాంకు దిగి ధార సన్నగా వచ్చే వేళవే. చిన్న కుళాయి దగ్గర విసిగి పెద్ద క్యాన్ పట్టుకున్నవాళ్ళు.

పలక మీద ఆపరేటరు టీడీఎస్ అంకె కూడా రాస్తున్నాడు. అది చూసి ఫ్లోరైడు పోయిందనుకోకండి. ఆ మీటరు నీళ్ళలో కరిగిన లవణాలన్నీ కలిపి చెబుతుంది, ఫ్లోరైడును విడిగా చూపదు. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు ఆడవాళ్ళకు నీళ్ళు పరీక్షించే కిట్టు వాడటం నేర్పుతారు. మా కమిటీలో ఒకామె ఆ అయిదుగురిలో ఉందని ఇన్నాళ్ళకు తెలిసింది, నేను అడగనే లేదు. ఇప్పుడు నెలకోసారి ఆమే చూసి పలక మీద రాస్తోంది.

నిన్న సాయంత్రం వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. క్యూ నిలబడే చోట నేల మీద ముగ్గుపిండితో పెద్ద చదరం, నాలుగు మూలలా నాలుగు గుంటలు. ఫోన్ చేసి ఏంటని అడిగితే, ఎండకు పందిరట. రాటలు కూడా వచ్చేశాయి. “కొలత ఎంత పెట్టారు పెద్దమ్మా?” అన్నాను. “ఆదివారం వస్తావు గదా, టేపు తెచ్చుకుని చూసుకో” అంది.